ఇల్లుబండిలో గుమ్మడి తిరునాళ్ళకు

తిరునాళ్ళకు పోవుట మన పెద్దలకు సగము భక్తి, సగము ప్రయాణము. దేవుని చూచునది ఒక్క గడియ; పోవుటకును వచ్చుటకును రెండు మూడు దినములు. ఆ దినములలో ఇంటిల్లిపాది ఒకే గూడు క్రింద కూర్చుండి, ఒకే సద్దిమూట విప్పుకొని, దారిలో కనబడిన ప్రతి వస్తువును గూర్చియు మాటలాడుకొనెడివారు. దర్శనమువలన కలిగిన పుణ్యమెంతో నేను లెక్కకట్టజాలను గాని, ఆ దారివలన అబ్బిన చదువు మాత్రము నాకు ఈ వయస్సు వరకును ఉపయోగపడుచున్నది. ఈ సంగతి స్పష్టముగా నా మనస్సునకు తట్టినది అమెరికా దేశమున, శరత్కాలములో, గుమ్మడికాయలను ఆకాశమునకు విసరు ఒక వేడుకను చూడబోయినప్పుడు. ఆ ముచ్చట మన సంఘమునకు చెందిన కుటుంబములతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది అత్తిముగం. హస్తిముఖమే అత్తిముగమైనదని మా పెద్దలు చెప్పెడివారు. ఊరిలో ఐరావతేశ్వరుని ప్రాచీనాలయము ఉన్నందున ఆ మాట నమ్మబుద్ధియగును. ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళము. ఈ మూడును మా ప్రాంతమువారికి చిన్ననాటనే అలవడును. 1956లో భాషల ననుసరించి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మా హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. మొదట సేలం జిల్లా, 1965 నుండి ధర్మపురి జిల్లా, 2004 నుండి కృష్ణగిరి జిల్లా. జిల్లా పేరు రెండుమార్లు మారినను మా ఇంటి మాట మారలేదు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే ఉద్యోగవిరమణ చేసినవాడను. నా కుమారుడు అమెరికాలో షికాగో నగరమునకు సమీపమున కాపురమున్నాడు. అతని యింటికి నేనును నా సహధర్మచారిణియు రెండు పర్యాయములు పోయినాము: 2019లో ఒకమారు, 2022లో ఒకమారు. రెండు పర్యాయములును దసరా గడచిన పిమ్మట, అచ్చటి చెట్ల ఆకులు కుంకుమవన్నెకు తిరుగు దినములలో, గుమ్మడి తిరునాళ్ళకు ప్రయాణము చేసినాము.

ఆ ప్రయాణమును గూర్చి చెప్పుటకు ముందు మా కాలపు ప్రయాణమును జ్ఞాపకము చేయుట అవసరము. 1968 ప్రాంతమున, నాకు పదియేండ్ల వయస్సున, హోసూరు కొండపై వెలసిన చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవమునకు మేము గూడుబండిలో పోయెడివారము. వెదురుతట్టి వంచి కట్టిన గూడు, లోపల వట్టిగడ్డి, దానిపై కంబళి. నొగలకు ముందు రెండెద్దులు, బండి క్రింద వ్రేలాడు లాంతరు. రాత్రి భోజనము ముగించి బయలుదేరిన, ఎద్దుల మెడగంటల చప్పుడునకు నిద్రపోయి, చింతతోపులో కన్నులు తెరచెడివారము. దారిలో మా తాత ప్రతి వస్తువునకును పేరు చెప్పెడివాడు. ఇది ఇరుసు, ఇది చీల, ఇది కందెన. అదిగో ఏతాము, అదిగో మంచె. ఆయన మాకు పాఠము చెప్పుచున్నట్లు ఎన్నడును తలచినవాడు కాడు. బండి కదలుచుండగా నోరు మూసుకొని కూర్చుండుట మనుష్యునకు సాధ్యము కాదు గనుక చెప్పినాడు.

ఇక అమెరికా బండి. మా కుమారుడు దానిని నాలుగు దినములకు అద్దెకు తెచ్చినాడు. వారు దానిని ఆర్.వి. అని పిలుతురు. చూచుటకు చిన్న బస్సు. లోపల పొయ్యి, నీళ్ళతొట్టి, చలువపెట్టె, భోజనపు బల్ల, మరుగుదొడ్డి, ఆరుగురు పరుండుటకు పడకలు. భోజనపు బల్లను దించిన అదియే రాత్రికి పడకయగును. నా సహధర్మచారిణి లోనికెక్కి, పొయ్యి వెలిగించి చూచి, "ఇది బండి కాదు, ఇల్లుబండి" అన్నది. ఆనాటినుండి మా కుటుంబమున దానికి ఆ పేరే స్థిరపడినది. రాత్రివేళ ఈ బండ్లు నిలుపుటకు ప్రత్యేకముగా తోపులు గలవు. అచ్చట బండిని నిలిపి, నీటిగొట్టము ఒకటి, విద్యుత్తు తీగ ఒకటి తగిలింతురు. మురుగునీటిని నియమిత స్థలముననే వదలవలెను. ఆ పని ఇంటి యజమానిదే. మా కుమారుడు చేతితొడుగులు వేసికొని ఆ పని చేయుచుండగా, ఎద్దుల పేడ యెత్తిన తన తాతను గూర్చి నేను వానికి చెప్పినాను. వాడు నవ్వి, "బండి ఏదైనా చాకిరి తప్పదు నాయనా" అన్నాడు. ఇటువంటి బండ్లలో పెద్ద పాలు ఇండియానా రాష్ట్రమునందలి ఎల్కార్ట్ పట్టణ ప్రాంతమున తయారగును. తిరుగుదారిలో ఆ ఊరి ప్రక్కగా పోవుచు, అమ్మకమునకు వరుసగా నిలిపిన తెల్లని బండ్లను చూచినాము.

మొదటిదినము మేము ఇల్లినాయిస్ రాష్ట్రమున మోర్టన్ అను ఊరివైపు పోయినాము. అమెరికాలో గుమ్మడి అత్యధికముగా పండు రాష్ట్రము ఇల్లినాయిస్. డబ్బాలలో నింపి అమ్ము గుమ్మడి గుజ్జులో పెద్ద భాగము మోర్టన్ పరిసరములలో పండినదే. అయితే డబ్బాలోనికి పోవు కాయ మనము బొమ్మలలో చూచు నారింజవన్నె కాయ కాదు. అది లేత గోధుమవన్నెది, పొడవుగా నుండును. ఎఱ్ఱని గుండ్రని కాయలు అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీన్ పండుగకొఱకు. వానిని తొలిచి, కన్నులు నోరు చెక్కి, లోపల దీపముంచి గుమ్మము ముందు పెట్టుదురు. ఐర్లండు దేశమునుండి వలస వచ్చినవారు తమ దేశమున దుంపలు తొలిచి దీపములు పెట్టెడివారనియు, అమెరికాకు వచ్చిన పిదప గుమ్మడిని చేపట్టినారనియు చెప్పుదురు. వలస పోయినవారు పండుగను వదలలేదు. దొరికిన కాయతో నడుపుకొనినారు. ఇది వినినప్పుడు, తరతరములుగా పరరాష్ట్రమున స్థిరపడిన మనబోటివారికి కొంత ధైర్యము కలుగును.

కాయలను విసరు వేడుక అంత పాతది కాదు. 1986లో డెలావేర్ రాష్ట్రమున, ససెక్స్ కౌంటీలో, కొందరు మిత్రులు ఎవరి యంత్రము గుమ్మడికాయను ఎక్కువ దూరము విసరునో చూతమని పందెము వేసుకొనినారు. అది పెరిగి పెరిగి ఏటేట నవంబరు మొదటివారములో వేలాది జనము చూడవచ్చు పోటీయైనది. దానికి పంకిన్ చంకిన్ అని పేరు. కాయ ఎనిమిది మొదలు పది పౌండ్ల తూకముండవలెను, యంత్రమునుండి చెక్కుచెదరక బయటపడవలెను, మందుగుండు వాడరాదు. గాలిని కుదించి ఒక్కసారి విడుచు పొడవైన ఫిరంగులు గలవు. బరువు దిగగా చేయి లేచు యంత్రములు గలవు. గిరగిర త్రిప్పి విడుచునవి గలవు. మనుష్యుని కండబలముతోనే నడచునవియు గలవు. 2010లో యూటా రాష్ట్రమున మోయాబ్ దగ్గర ఒక గాలిఫిరంగి ఒక కాయను 5,545 అడుగుల దూరము విసరినది. మైలుకు 5,280 అడుగులు గనుక, ఆ కాయ మైలు దాటి పడినదన్నమాట. డెలావేర్ పోటీకి మాత్రము మంచి ముగింపు కలుగలేదు. 2016లో ఒక గాలిఫిరంగి భాగము ఊడి యెగిరిపడి ఒక స్త్రీ తీవ్రముగా గాయపడినది. ఆ తరువాత అచ్చట పోటీ ఆగిపోయి, 2019లో ఇల్లినాయిస్ రాష్ట్రమున రాంటూల్ అను ఊరిలో జరిగినది. వేడుక యెంత పెద్దదైన జాగ్రత్త అంత పెద్దది కావలెనని ఇందువలన గ్రహింపవలెను.

మేము చూచినది ఇంత పెద్దది కాదు. ఇండియానాలో ఒక రైతు తన పొలమున జరుపు తిరునాళ్ళ. గడ్డిమోపులపై కూర్చుండు జనము, మొక్కజొన్నచేనిలో పిల్లలు దారి తప్పి తిరుగుటకు చేసిన సందులు, ఆపిలుపండ్ల రసము కాచు పెద్ద పాత్రలు. మన పరసలో బొరుగులు, మిఠాయి అమ్మినట్లు అచ్చట చక్కెర పొడి చల్లిన వడలవంటివి అమ్ముచుండిరి. పొలము నడుమ పెద్ద దూలములతో కట్టిన యంత్రము నిలిచియున్నది. నేను దానిని చూచి నిలువబడిపోయినాను. నా కంటికి అది ఏతాము.

మన పొలములలో ఏతాము చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. నిలువు కంబముపై అడ్డుదూలము, ఒకవైపు నీటిబాన, రెండవవైపు మనుష్యుని బరువు. దూలముపై మనుష్యుడు వెనుకకు నడచిన బాన పైకి లేచును, ముందుకు నడచిన దిగును. ఈ అమెరికా యంత్రమున పొట్టి చేతికి రాళ్ళు నింపిన పెట్టె, పొడవు చేతికి త్రాటితో వ్రేలాడు సంచి, సంచిలో గుమ్మడికాయ. పొడవు చేతిని క్రిందికి లాగి కొక్కెము తగిలింతురు. కొక్కెము విడువగానే పెట్టె ధబ్బున దిగును, పొడవు చేయి లేచును, దాని కొనయందలి సంచి మరింత వడిగా తిరిగి, ఒక త్రాడు జారిపోయి, కాయ ఆకాశమున పోవును. పొట్టి చేయి కొంచెము దిగిన పొడవు చేతి కొన చాల దూరము తిరుగును. వేగమంతయు అందులో నున్నది. ఇది పూర్వము కోటలు పగులగొట్టుటకు వాడిన యంత్రము. 1310లో ఢిల్లీ సేనలు మన ఓరుగల్లును ముట్టడించినప్పుడు రాళ్ళు విసరు యంత్రములు వాడినట్లు అమీర్ ఖుస్రో వ్రాసియున్నాడు. కోటగోడలపై రాళ్ళు కురిపించిన యంత్రము నేడు పిల్లల నవ్వులకొఱకు గుమ్మడికాయలు విసరుచున్నది. యంత్రమునకు ఇంతకన్న మంచి వృద్ధాప్యము నేను ఊహింపజాలను.

ఇచ్చట నా మనుమని సంగతి చెప్పవలెను. 2019లో వానికి ఏడేండ్లు. తెలుగు చెప్పిన అర్థమగును గాని, బదులు ఇంగ్లీషుననే చెప్పును. ఇంటిలో మేమిద్దరము సోఫాపై కూర్చుండి, "అన్నము తింటివా, బడికి పోతివా" అని అడిగిన, వాడు తల ఊపి తన గదికి పోవును. అంతకు మించి మాటలాడుటకు మా ఇరువురికిని పని లేకపోయినది. ఇల్లుబండిలో వానికి వేరే గది లేదు, నాకును లేదు. నీళ్ళగొట్టము తగిలించునప్పుడు పట్టుకొనువాడు వాడు. బల్ల దించి పడక చేయునప్పుడు రెండవకొన పట్టుకొనువాడు వాడు. "పట్టు, వదులు, ఎత్తు, దించు, మెల్లగా, ఇంకొంచెం" అను మాటలు మొదటిదినముననే వాని నోట పలికినవి. పని తెలుగులో నడచిన, బదులును తెలుగులోనే వచ్చును.

గుమ్మడి యంత్రము చూచిన సాయంకాలము, తోపులో బండి నిలిపిన తరువాత, నేను వానికి వడిసెల చేసియిచ్చినాను. నారత్రాడు దొరకక బట్టలారవేయు త్రాడుతో చేసినాను. నడుమ బట్టముక్కతో చిన్న సంచి, ఒక త్రాడు కొనకు ఉంగరము, రెండవ త్రాడు చేతిలో పట్టుకొని విడుచుటకు. చిన్నతనమున మంచె నెక్కి, జొన్నచేనిపై వ్రాలు పిట్టలను ఇట్టిదానితో తోలినవాడను నేను. యంత్రములో త్రాడు జారునట్లే వడిసెలలోను ఒక కొన వేలికుండును, ఒక కొన జారిపోవును. ఎప్పుడు విడువవలెనన్నదే విద్య. ముందు విడిచిన రాయి నెత్తిమీదుగా వెనుకకు పోవును. ఆలస్యముగా విడిచిన కాళ్ళముందు పడును. ఎవరును లేని చెరువువైపు వానిని నిలిపి, నేను వెనుకనుండి చేయిపట్టి త్రిప్పించినాను. మూడవ రాయి నీళ్ళలో పడినది. వాడు గంతువేసి, "తాతా, మల్లా!" అన్నాడు. ఆ మాట వాడు నాతో తనంతట తాను పలికిన మొదటి తెలుగు మాట. మా హోసూరు మాట. పుస్తకములో "మరల" అని ఉండును గాని, వాని అవ్వ నోట వినినది "మల్లా". అట్లే వచ్చినది.

2022లో వానికి పదియేండ్లు. ఈ పర్యాయము యంత్రము దగ్గర నిలిచి, తన చెల్లెలికి, "ఇది ఏతం లాంటిది, ఇది వడిసెల లాంటిది" అని తానే చెప్పినాడు. ఆ బాలిక ఏతాము చూచినది కాదు. వాడును చూచినవాడు కాడు. నిజము చెప్పవలెనన్న, నేడు మన పొలములలోను అది కానరాదు. విద్యుత్తు మోటార్లు వచ్చిన పిదప ఏతాములు పోయినవి. వస్తువు పోయిన తరువాత కూడ మాట బ్రతుకుటకు ఇండియానా పొలములో ఒక చోటు దొరికినది.

ఇంతవరకు నేను ఆనందమే చెప్పినాను. నా సహధర్మచారిణి మొదటినుండియు ఈ వేడుకకు ఒప్పుకొనలేదు. "తినే కాయను ఇట్లా పారేస్తారా?" అని ఆమె ప్రశ్న. మన ఇండ్లలో గుమ్మడి అనగా సంక్రాంతికి బ్రాహ్మణునకో బంధువునకో దానమిచ్చు కాయ. నిండు కాయను ఆడవారు మొదట కోయరాదని, మగవాడు ముందు గాటు పెట్టవలెనని ఆచారము. ఇల్లుబండిలో కూడ ఆమె ఆ ఆచారము వదలలేదు. మనుమని పిలిచి, వాని చేతిపై తన చేయి ఉంచి మొదటి గాటు పెట్టించి, పిమ్మట చింతపులుసు పోసి దప్పళము కాచినది. రైతును మా కోడలు అడుగగా, విసరిన కాయలు అమ్మకమునకు పనికిరాక మిగిలినవనియు, పగిలిన ముక్కలు కొంత పశువులు తినుననియు, మిగిలినవి దుక్కిలో కలిసి ఎరువగుననియు ఆయన చెప్పినాడు. "సరే గాని, నాకు మనసు ఒప్పదు" అన్నది ఆమె. నేనును ఆమెను ఒప్పించుటకు ప్రయత్నింపలేదు.

అయితే ఈ విషయమున గుమ్మడికాయల దొంగ యన్న భుజములు తడుముకొనవలసినవారము మనమును ఉన్నాము. ఆయుధపూజనాడు మన హోసూరులో, సిప్కాట్ పారిశ్రామికవాడ మొదలుకొని సందులోని చిల్లర కొట్టు వరకు, బూడిదగుమ్మడికి కుంకుమ పూసి వాకిట పగులగొట్టుదురు. దృష్టిదోషము పోవునని నమ్మకము. నమ్మకమును నేను తప్పుపట్టను. మా యింటను కొట్టుదుము. కాని నడివీధిని పగిలిన గుమ్మడిపై మోటారుసైకిళ్ళు జారి మనుష్యులు పడుట అందరును ఎరిగినదే. ఇండియానా పొలమున జనము నిలుచు చోటికిని యంత్రమునకును నడుమ త్రాడు కట్టియున్నది. కాయలు పడు చోట ఒక్క మనుష్యుడైనను లేడు. మనము కొట్టిన కాయను ఆ గడియలోనే ప్రక్కకు తీసి, పశువులకో ఎరువుగుంటకో చేర్చిన, దృష్టియు పోవును, ఎదుటివాని కాలును దక్కును.

ఇంకొక సంగతి గమనింపదగినది. బూడిదగుమ్మడి ఆసియాఖండపు కాయ. మన కూష్మాండము అదియే. కూరకు వాడు తియ్యగుమ్మడి మాత్రము అమెరికా ఖండమునుండి వచ్చినది. మెక్సికో దేశమున ఓహాకా ప్రాంతపు గుహలో దొరికిన గుమ్మడిజాతి గింజలు సుమారు పదివేల సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. 1492లో కొలంబసు ఆ ఖండమును చేరిన పిదపనే ఆ గింజ సముద్రములు దాటినది. అట్లు వచ్చిన కాయకు మనవారు పరాయి పేరు పెట్టలేదు. తమ గుమ్మడి పేరే యిచ్చి, తమ పులుసులో వేసికొని, తమ దానములలో చేర్చుకొనినారు. వచ్చినది మన మాటలో ఇమిడినప్పుడే మనదియగును.

ఇప్పుడు నా మనస్సున నున్న అసలు మాట. హోసూరులోనే నా కుమార్తె కుమార్తె యున్నది. అమెరికా మనుమనికన్న ఏడాది పెద్దది. 2006లో వచ్చిన చట్టము ప్రకారము ఈ రాష్ట్రపు బడులలో తమిళము తప్పనిసరియైనది. ఆ పిల్ల తమిళము చక్కగా చదువును, అది మంచిదే. ఉన్న ఊరి భాష రావలెను. కాని నేను తెలుగులో అడిగిన తమిళములో బదులు చెప్పుచుండినది. నలుబది నిముషముల దూరమున నున్న మనుమరాలికన్న సముద్రముల కావల నున్న మనుమడు నాతో ఎక్కువ తెలుగు మాటలాడుటకు కారణమేమని నేను చాల ఆలోచించినాను. దూరము కారణము కాదు. బడి ఒక్కటియు కారణము కాదు. ఆ పిల్లతో కలిసి నేను చేసిన పని ఏదియు లేదు. పండుగకు వారు వత్తురు, భోజనము చేయుదురు, ఎవరి ఫోను వారు చూచుకొని పోవుదురు.

2023లో చంద్రచూడేశ్వరుని రథోత్సవమునకు ఒక వ్యాను అద్దెకు తీసికొని, ఆ పిల్లను, మా వీధిలోని మరి నలుగురు పిల్లలను అత్తిముగమునకు ముందుదినమే పిలిపించినాను. రాత్రి మా యింట పరుండి, వేకువనే సద్ది కట్టుకొని బయలుదేరినాము. దారిలో రెండు చోట్ల నిలిపినాము. ఒక పెరటిలో విరిగి పడియున్న పాత బండి కనబడగా, ఇరుసు, నొగ, కాడి చూపినాను. రథము కదలినప్పుడు ఆ పిల్ల చక్రమువైపు చూచి, "తాతా, దీనికీ ఇరుసు ఉంటుందా?" అని తెలుగులో అడిగినది. ఒక్క ప్రశ్నతో భాష నిలుచునని నేను చెప్పబోను. కాని ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు నేను ఉన్నాను. ఇంకను కొన్ని యేండ్లు ఉండవచ్చును.

మన సంఘమువారికి నా మనవి యొక్కటి. ఏటేట ఉగాదికి సభలు జరుపుచున్నాము, ఉపన్యాసములు వినుచున్నాము, అవి జరుగవలసినవే. వానితోపాటు ఏడాదికి ఒక్కమారైనను, ఒక బస్సులో సగము అవ్వతాతలను, సగము మనుమలను ఎక్కించి, ఒక జాతరకో ఒక కోటకో రెండు దినముల ప్రయాణము ఏర్పాటు చేయుదురు గాక. తల్లిదండ్రులు ఇంట నుండవచ్చును. బండిలో పనులు పిల్లలకు పంచి, పని చెప్పుట తెలుగులో జరిగిన చాలును. మిగిలినది దారి చూచుకొనును. బస్సు ఖర్చు లెక్క వ్రాయుటకు గుమాస్తా కావలసిన, నేను ఊరకనే వ్రాసి పెట్టెదను.